బతికున్న మనిషికి సమాధి

పాముని ఆడించే తీగ కనపడుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఫ్రిట్జ్ లాంగ్ ఇండియా గురించి తీసిన సినిమా అనగానే చాలామంది ఆ పాము దగ్గర మొదలెట్టి, కాసేపు నవ్వుకుని, అక్కడే ఆపేస్తారు. గుహలో గుడి, కొండంత అమ్మవారి విగ్రహం, ఒంటి మీద నాలుగు రాళ్ళూ పూసలూ తప్ప పెద్దగా ఏమీ లేని నర్తకి, ఆమె ముందు పడగ విప్పి ఊగే నాగుపాము. ఆ పాము రబ్బరుదో బట్టదో నాకు తెలీదు గానీ, నాగుపాము మాత్రం కాదు.

మా అమ్మమ్మకి కూడా తీగ కనపడింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చెకప్పుల కోసం తెనాలి నుంచి వచ్చి హైదరాబాదులో మా ఇంట్లో ఉంటోంది అప్పుడు. రాత్రి నేను లాప్‌టాప్‌లో సినిమా పెట్టుకుంటే పక్కన కూచుంది. భాష జర్మన్, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆవిడకి రెండూ రావు. కాసేపు చూసి లేచెళ్ళిపోతుందిలే అనుకున్నాను. వెళ్ళలేదు.

"కొత్త కళ్ళు పెట్టిచ్చుకుంది ఈ తాడు చూట్టానికా?" అంది, అంతే. కళ్ళు మాత్రం తిప్పుకోలేదు.

సినిమా అంటున్నాను గానీ నిజానికి ఇవి రెండు. 'ఎష్నాపూర్ పులి' 1959 జనవరిలో, 'భారతీయ సమాధి' అదే ఏడాది మార్చిలో పశ్చిమ జర్మనీలో విడుదలయ్యాయి. ఒక్కోటీ గంటా నలభై నిమిషాలు. కథ ఒక్కటే, మధ్యలో కోసి రెండు ముక్కలు చేశారు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలియడానికి మనం రెండేళ్ళు ఆగాం, జర్మన్లు నెలన్నర ఆగారు. అమెరికావాళ్ళు మాత్రం రెండిటినీ కలిపి, సగానికి సగం కత్తిరించి, పేరు కూడా మార్చి ఒకే సినిమాగా వదిలారు. అది దొరికితే చూడకండి. ఈ సినిమాకి ప్రాణం దాని నిదానంలో ఉంది.

కథ చాలా మామూలు కథ. హరాల్డ్ బెర్గర్ అనే జర్మన్ ఆర్కిటెక్టు ఎష్నాపూర్ మహారాజు చంద్ర కోసం ఆస్పత్రులూ బళ్ళూ కట్టడానికి వస్తాడు. దారిలో సీత అనే నర్తకిని పులి నోట్లోంచి కాపాడతాడు. ఆమెని కూడా రాజే పిలిపించుకున్నాడు, గుళ్ళో నాట్యం చెయ్యడానికి. రాజు భార్య చనిపోయింది. అతను సీతని ప్రేమిస్తాడు, పెళ్ళి చేసుకుంటానంటాడు. సీత, బెర్గర్ ఒకళ్ళనొకళ్ళు ప్రేమించుకుంటారు. రాజుకి తెలుస్తుంది. బెర్గర్‌ని పులితో పోరాడమంటాడు. గెలిస్తే, తెల్లారేలోగా రాజ్యం వదిలి పొమ్మంటాడు. అతను సీతని తీసుకుని ఎడారిలోకి పారిపోతాడు. ఇసక తుఫాను. నీళ్ళు లేవు. మతి తప్పిన బెర్గర్ తుపాకీ ఎత్తి సూర్యుణ్ణి కాలుస్తాడు. మొదటి భాగం అక్కడ ఆగుతుంది.

సూర్యుణ్ణి కాల్చడం! నాకు ఆ షాట్ ఎంతకీ మనసులోంచి పోవడంలేదు. తెలివైన దర్శకుడు ఎవడూ అలాంటిది తియ్యడు, నవ్వుతారని భయపడతాడు. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళవాడైన లాంగ్‌కి ఆ భయం లేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. రాజుని కూలదొయ్యాలని చూసే అతని అన్న పేరు రామిగని. "రామిగాడా?" అంది అమ్మమ్మ, చాలా సంతోషంగా. ఆ క్షణం నుంచి మా ఇంట్లో వాడు రామిగాడే. గుడి పూజారి పేరు యమ. అంటే యముడు! ఆ పాత్ర వేసిన వాలెరీ ఇంకిజినోఫ్ మూకీల రోజుల్లో పుడోవ్‌కిన్ తీసిన 'ఆసియా మీద తుఫాను'లో హీరో. అంత చరిత్ర ఉన్న నటుడు ఇక్కడ కళ్ళెర్రజేసి గుడ్లురమడానికే పరిమితమయ్యాడు. చంద్ర వేషం ఆస్ట్రియన్ నటుడు వాల్టర్ రాయర్‌ది, బెర్గర్ స్విట్జర్లాండ్ నటుడు పౌల్ హుబ్‌ష్మిడ్. సీత అమెరికన్, డెబ్రా పాజెట్. హాలీవుడ్ ఆమెని అంతకుముందు 'బ్రోకెన్ యారో'లో అపాచీ అమ్మాయిగానూ, 'టెన్ కమాండ్‌మెంట్స్'లో హీబ్రూ బానిసగానూ చూపించింది. పరాయి అమ్మాయి ఎవరైనా పాజెటే అన్నమాట. ముఖ్యమైన పాత్రల్లో ఒక్క భారతీయుడు లేడు. మనవాళ్ళు ఉన్నది ఉదయపూర్ వీధుల్లో, గుంపుల్లో. మొహాలకి గోధుమరంగు పూసుకున్న యూరోపియన్ల వెనక నిజం గోధుమరంగు మొహాలు నిలబడి వింతగా చూస్తుంటాయి.

సెట్లు బెర్లిన్‌లో వేశారు. బయటి సీన్లు ఉదయపూర్‌లో తీశారు. చెరువు మధ్య మహలు, ఏనుగులు, మెట్లు, ఆ ఎండ, అవన్నీ నిజమైనవి. నాకు గమ్మత్తుగా తోచింది ఏంటంటే, ఈ ఇండియాలో ఒక్క ఇంగ్లీషువాడు లేడు. ఏ కాలమో చెప్పరు. దొరలూ లేరు, కాంగ్రెసూ లేదు. 1958లో అక్కడికి కెమెరాలు తీసుకెళ్ళే నాటికి ఉదయపూర్ రాజ్యం రాజస్థాన్‌లో కలిసిపోయి పదేళ్ళవుతోంది. అవేవీ సినిమాకి అక్కర్లేదు. దానికి కావలసిందల్లా ఒక రాజు, అతనికి ఆస్పత్రి కట్టిపెట్టే ఒక జర్మన్ నిపుణుడు. సరిగ్గా అదే సమయంలో ఒరిస్సా రూర్కెలాలో నిజం జర్మన్ ఇంజనీర్లు ఉన్నారు, ఉక్కు ఫ్యాక్టరీ కడుతూ. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 3న ప్రారంభించాడు. 'ఎష్నాపూర్ పులి' జర్మన్ థియేటర్లలో ఆడుతున్న రోజులవి. టికెట్ కొని హాల్లోకెళ్ళిన జర్మన్ ప్రేక్షకుడికి ఏ ఇండియా కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది. పార్లమెంటూ పంచవర్ష ప్రణాళికా ఉన్న ఇండియా కాదు. ఓడిపోయిన యుద్ధం గురించీ, దాన్లో చేసిన పనుల గురించీ ఎవరూ అడగని చోటు కావాలి. అక్కడ జర్మన్ వాడు మంచివాడుగా, కట్టేవాడుగా, ఒక అమ్మాయిని రక్షించేవాడుగా ఉండాలి.

ఇదంతా అంటే తేలిగ్గా కొట్టిపారెయ్యొచ్చు ఈ సినిమాని. ఓరియంటలిజం అని ఒక్క మాట రాసి, చేతులు దులుపుకుని, పడుకోవచ్చు. నేను సగం ఆ ఉద్దేశంతోనే మొదలెట్టాను కూడా. అలా చెయ్యలేకపోవడానికి కారణం ఈ కథ వెనకున్న ఇంకో కథ.

'భారతీయ సమాధి' అసలు 1918 నాటి నవల. రాసింది టేయా ఫాన్ హార్బూ. ఆ నవల నుంచి స్క్రీన్‌ప్లే రాసింది ఆమే, యువకుడైన లాంగే. తనే దర్శకత్వం చేస్తాననుకున్నాడు. నిర్మాత జో మే స్క్రిప్టు చేతికందాక, నువ్వింకా చిన్నవాడివి, ఇంత డబ్బు నీ చేతిలో పెట్టలేం అన్నట్టుగా మాట్లాడి తనే తీసుకున్నాడు. 1921లో అది కూడా రెండు భాగాలుగానే వచ్చింది, కోన్రాడ్ ఫైట్ మహారాజుగా. 1938లో రిచర్డ్ ఐక్‌బెర్గ్ ఇంకోసారి తీశాడు. లాంగ్ చేతికి మళ్ళీ వచ్చేసరికి ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిచాయి. అమెరికాలో రెండు దశాబ్దాలు పైగా పనిచేసి, అలిసిపోయి, నిర్మాత ఆర్టూర్ బ్రౌనర్ పిలిస్తే జర్మనీ తిరిగొచ్చి తీసిన సినిమా ఇది. కుర్రతనంలో చెయ్యి జారిపోయిన కథని ముసలితనంలో పట్టుకున్నాడు. జర్మన్ విమర్శకులు చీల్చిచెండాడారు. జనం మాత్రం వెళ్ళి చూశారు.

లాంగ్, హార్బూ 1922లో పెళ్ళి చేసుకున్నారు. 'మెట్రోపొలిస్', 'ఎమ్' లాంటి సినిమాలు ఇద్దరూ కలిసి చేసినవే. 1933లో విడిపోయారు. ఆ ఏడాదే లాంగ్ దేశం వదిలిపెట్టాడు. ఆమె అక్కడే ఉండి, నాజీ పార్టీలో చేరి, ఆ ప్రభుత్వం నీడలో సినిమాలు రాసుకుంటూ పోయింది. ఇది అందరికీ తెలిసిన భాగం. అంతగా తెలియనిది, ఆమె జీవితంలోకి అప్పటికే ఆయీ తెందుల్కర్ అనే భారతీయుడు వచ్చాడని. జర్మనీలో చదువుకుని, పత్రికలకి రాస్తున్న మరాఠీ ప్రాంతపు కుర్రాడు, ఆమె కన్నా చాలా చిన్నవాడు. ఇద్దరూ రహస్యంగా పెళ్ళి చేసుకున్నారు. రహస్యం ఎందుకంటే, అంత పేరున్న జర్మన్ రచయిత్రి ఒక నల్లవాణ్ణి చేసుకుందంటే ఆ రాజ్యంలో కుదరదు. యుద్ధానికి ముందు అతను ఇండియా వచ్చేశాడు. తర్వాత ఇక్కడ ఇందుమతి గుణాజీని చేసుకున్నాడు, గాంధీ పెట్టిన షరతులకి ఒప్పుకుని. వాళ్ళ కూతురు లక్ష్మీ తెందుల్కర్ ధౌల్ ఈ మొత్తం కథని తర్వాత ఒక పుస్తకంగా రాసింది. హార్బూ 1954లో చనిపోయింది, లాంగ్ ఈ సినిమా తియ్యడానికి నాలుగేళ్ళ ముందు.

ఇప్పుడు మళ్ళీ తెరకేసి చూడండి. రాజు ఆస్థానంలో ఒక నిషిద్ధమైన ప్రేమ. యూరోపియన్ ఒకరు, భారతీయులు ఒకరు. దొరికితే చావే. ఈ కథ రాసిన ఆమె పదిహేనేళ్ళ తర్వాత దీనిలోకి తనే నడిచెళ్ళింది. కాకపోతే అంతా తలకిందులు. నిషేధించిన రాజ్యం ఎష్నాపూర్ కాదు, బెర్లిన్. దాక్కోవలసినవాడు నల్లవాడు. పైగా ఆ నిషేధం పెట్టిన పార్టీలోనే ఆమె సభ్యురాలు. ఇంత వైరుధ్యాన్ని ఒక మనిషి ఎలా మోస్తుందో నాకు తెలీదు. క్షమించమని నేను అనడంలేదు.

లాంగ్‌కి ఇదంతా తెలుసు. తెలిసీ అతను ఏం చేశాడంటే, సీత తండ్రిని యూరోపియన్ చేశాడు. అవును, సీత సగం తెల్లమ్మాయి. చిన్నప్పుడు నాన్న పాడిన పడమటి పాట ఒకటి ఆమెకి గుర్తుంటుంది. బెర్గర్ దాన్ని గుర్తుపడతాడు. అక్కడే వాళ్ళ దగ్గరితనం మొదలవుతుంది. ఎంత తెలివైన పిరికితనమో చూడండి. ప్రేక్షకుడికి నిషిద్ధ ప్రేమ రుచి చూపించాలి గానీ నిజంగా నిషిద్ధమైనది చూపించకూడదు. తెల్లవాడు ఒక భారతీయ స్త్రీని ప్రేమించలేదు, దారితప్పిపోయిన తన సొంత పిల్లనే వెతికి ఇంటికి తీసుకుపోతున్నాడు! మనవాళ్ళకి ఈ చిట్కా కొత్తేం కాదు. తోటవాడో పశువులకాపరో యువరాణిని ప్రేమిస్తాడు, ఆఖరి రీలులో అతను పుట్టుకతో రాకుమారుడేనని ఒక ముని వచ్చి చెబుతాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. 1951లోనే 'పాతాళ భైరవి'లో తోటరాముణ్ణి చివరిదాకా తోటమాలి కొడుకుగానే ఉంచినందుకు కె.వి.రెడ్డికీ పింగళికీ దణ్ణం పెట్టాలి. ఆ ధైర్యం లాంగ్‌కి లేకపోయింది.

ఇంకో సంగతి లాంగ్ మీద నేను క్షమించలేనిది. మహలు కింద గుహల్లో కుష్టురోగుల్ని బంధించి ఉంచుతారు. పైన సంగీతం, పాలరాయి, నెమళ్ళు. కింద చీకట్లో వీళ్ళు. 'మెట్రోపొలిస్' చూసినవాళ్ళకి వెంటనే గుర్తొస్తుంది. పైన తోటలు, కింద కూలీలు. ఒక భవనాన్ని నిలువుగా కోసి చూపిస్తే అందులో ఉన్న సమాజం మొత్తం కనపడుతుందన్నది లాంగ్ జీవితమంతా నమ్మిన విషయం. చిన్నప్పుడు కొన్నాళ్ళు ఆర్కిటెక్చర్ చదివాడు, తండ్రిది భవనాలు కట్టే పని. అలాంటివాడు, ఆస్పత్రి కట్టడానికొచ్చిన మనిషి కాళ్ళ కిందే రోగుల్ని పెట్టాడంటే, ఎంత పెద్ద మాట అనబోతున్నాడో అని నేను ముందుకి వంగి కూచున్నాను. ఏమీ అనలేదు. రెండో భాగంలో వాళ్ళని చేతులు చాచి మీదికొచ్చే దెయ్యాల్లాగా వాడుకున్నాడు, ఒక తెల్లామె కెవ్వుమనడానికి. మెట్రోపొలిస్ కూలీలకి మొహాలుండేవి కాసేపైనా.

అమ్మమ్మ ఆ సీన్లో మొహం తిప్పుకుంది. భయపడి కాదు.

సరే, ఇన్ని తప్పులు చెప్పాక ఇంక ఏం మిగిలింది అంటారా? చంద్ర మిగిలాడు.

ప్రేమికులిద్దరూ నాకు పట్టలేదు. బెర్గర్ అందగాడు, అంతకుమించి చెప్పడానికేం లేదు. రెండో భాగంలో అతన్ని వెతికే చెల్లెలు, బావ కథని నడపడానికి పనికొచ్చే మనుషులు, అంతే. కానీ ఈ రాజు మాత్రం ఎక్కడ నిలబడ్డా ఆ చోటు బరువెక్కుతుంది. అతను దుర్మార్గుడు కాదు. చదువుకున్నవాడు, పూజారులు ఈసడించుకునేంత కొత్తదనం ఉన్నవాడు. ఆస్పత్రి కట్టాలన్న ఆలోచన అతనిదే. నర్తకిని ఉంచుకోనక్కర్లేదు, పెళ్ళే చేసుకుంటానన్నాడు. దానివల్ల రాజ్యం తిరగబడుతుందని తెలిసీ అన్నాడు. అన్న రామిగని ఎత్తు కూడా అదే, తమ్ముడు ఆ పెళ్ళి చేసుకుంటే చాలు, మిగతాది పూజారులూ సామంతులూ చూసుకుంటారని. ఇంకొక సినిమాలో అయితే ఇతనే హీరో. 1955లో వచ్చిన మన 'అనార్కలి'లో నర్తకి కోసం తండ్రికి ఎదురు తిరిగే సలీం, ఆమెకి గోడ కట్టమనే అక్బరు ఇద్దరు వేరువేరు మనుషులు. నాగేశ్వరరావు ఒకరు, రంగారావు ఒకరు. మనం ఎవరి పక్షమో తేల్చుకోవడం తేలిక. చంద్రలో ఆ ఇద్దరూ ఒకే ఒంట్లో ఉన్నారు.

అతను సీతకి నగలిస్తాడు, చెరువు మధ్యలో మహలిస్తాడు, దాసీల్నిస్తాడు. ఇస్తూనే ఉంటాడు. ఒక్క ప్రశ్న మాత్రం అడగడు. అడగనక్కర్లేదనుకుంటాడు. ఇంత ఇచ్చాక ఇంకా అడిగేదేంటి? ఆమె వేరేవాణ్ణి ప్రేమించిందని తెలిసినప్పుడు అతని మొహంలో కోపం కన్నా ముందు ఆశ్చర్యం కనపడుతుంది. వాల్టర్ రాయర్ ఆ ఒక్క క్షణాన్ని చాలా నిజాయితీగా చేశాడు. దొంగ దొరికినప్పటి మొహం అది. పరాయివాడి ఇంట్లో తన వస్తువు కనపడినవాడి మొహం.

అప్పుడు ఆర్కిటెక్టు పని మారిపోతుంది. బెర్గర్ బావ, అతనూ ఆర్కిటెక్టే, ఆస్పత్రి నక్షాలతో ఎష్నాపూర్‌లో దిగేసరికి రాజు ఆస్పత్రి సంగతి తర్వాత, ముందు సమాధి కట్టమంటాడు. ఎంతో అందమైన సమాధి. తను ప్రేమించిన స్త్రీ కోసం. ఆమె ఎప్పుడు చనిపోయింది అంటే, ఇంకా చనిపోలేదు. ఆమెని బతికుండగానే అందులో పెడతారు. షాజహాన్ కథని వెనక్కి తిప్పి చదివినట్టుంటుంది ఇది. తాజ్‌మహల్‌ని ప్రేమకి గుర్తుగా పోస్టుకార్డుల మీద వేసుకునే మనకి హార్బూ 1918లోనే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసింది. ఇంత గొప్ప సమాధి కట్టేవాడికి ఆమె చచ్చిపోయి ఉండటం ఎంతవరకు సౌకర్యం? చచ్చిపోయిన భార్య ఎదురు చెప్పదు. బతికున్న నర్తకి చెప్పింది. ఆస్పత్రికీ సమాధికీ రాళ్ళు అవే, తాపీమేస్త్రీలు వాళ్ళే. ఏది కట్టించాలన్నది రాజుగారి మనసుని బట్టి ఉంటుంది.

చెరువు మధ్య మహల్లో సీత ఒక్కతే నగల మధ్య కూచున్న సీన్ నడుస్తున్నప్పుడు అమ్మమ్మ అంది.

"మా పెద్దక్కక్కూడా ఇట్టాగే. గది నిండా చీరలు పెట్టి తాళం వేశాడు నాయన."

నేను సినిమా ఆపాను. అమ్మమ్మకి అక్కలున్నారని తెలుసు. పెద్దావిడ గురించి ఎప్పుడూ వినలేదు.

"కొట్టలేదు, తిట్టలేదు. గుంటూరెళ్ళి ఎనిమిది చీరలు తెచ్చాడు. ఏది నచ్చితే అది కట్టుకోమన్నాడు. అన్నీ నచ్చితే అన్నీ తీసుకోమన్నాడు. మా అమ్మ ఆ కిటికీలోంచే అన్నం పెట్టేది."

"ఎన్నాళ్ళు?"

"నాకేం గుర్తు, చిన్నదాన్ని."

"తర్వాత ఏమైంది అమ్మమ్మా?"

"ఏమవుద్ది? పెళ్ళి చేశారు." కాసేపాగి, "పెట్టు, మళ్ళీ ఆగిపోయింది నీ బొమ్మ," అంది.

అబ్బాయి ఎవరో, ఏ కులమో, ఏమైపోయాడో ఆవిడ చెప్పలేదు. నేను అడిగే ధైర్యం చెయ్యలేదు. ఆ రాత్రి మిగతా సినిమాలో నేను చూసింది లాంగ్ ఇండియాని కాదు. పాము తీగ నాకింక కనపడలేదు. పేపర్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనం రాసే మాట 'పరువు'. ఎష్నాపూర్ రాజు ఆ మాట ఎక్కువగా వాడడు. అతను ప్రేమ అంటాడు. అదే అతన్ని ఇంకా భయంకరంగా చేస్తుంది, అదే అతన్ని అసహ్యించుకోనివ్వకుండా కూడా చేస్తుంది. మా ముత్తాత కూడా కూతుర్ని ప్రేమించాననే అనుకుని ఉంటాడు, గుంటూరు కొట్లో ఎనిమిదో చీర ఎంచుతున్నప్పుడు.

సీత దేవుడి నర్తకి కదా, ఆమె పెళ్ళి ఎందుకు నిషిద్ధమో సినిమా పెద్దగా వివరించదు. తూర్పు దేశాల వింతల్లో అదొకటిగా వదిలేస్తుంది. మన కోస్తా జిల్లాల్లో గుళ్ళలో ఆడిన స్త్రీలకి పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి, మాన్యాలున్నాయి. మద్రాసు దేవదాసీ చట్టం 1947లో వచ్చి అదంతా ఆపింది. ఆ ఆపడంలో వాళ్ళకి ఏం దొరికింది, ఏం పోయింది అన్నది ఇంకా తెగని వాదన. లాంగ్ సినిమా ఆ దరిదాపులకి కూడా పోదు. పాజెట్ చేసే నాట్యం ఏ గుడిదీ కాదు, ఏ క్యాబరేదో. 'మెట్రోపొలిస్'లో యంత్రం మరియ చేసిన డాన్సే ఇక్కడ మళ్ళీ, రంగుల్లో. అయితే ఒక సంగతి. రెండు చోట్లా లాంగ్ కెమెరా నర్తకి మీద ఎంతసేపుంటుందో చూసే మగాళ్ళ మీద కూడా అంతసేపు ఉంటుంది. పూజారులు, సామంతులు, రాజు, రహస్యంగా తొంగిచూసే మన హీరో కూడా. అందరి కళ్ళూ ఒకేలా ఉంటాయి. హీరోకి మినహాయింపు లేదు.

ఈ సినిమాలో నాకు నిజంగా మన సొంతంగా అనిపించింది సాలీడు. రెండో భాగం మొదట్లో, పారిపోయిన ఇద్దరూ ఒక గుహలో దూరతారు. వెనక సైనికులు. గుహలో శివుడి ప్రతిమ. సీత మొక్కుకుంటుంది. ఒక సాలీడు దిగొచ్చి గుహ ద్వారానికి అడ్డంగా గూడు అల్లడం మొదలెడుతుంది. సైనికులు వచ్చేసరికి గూడు పూర్తవుతుంది. చెదరని గూడు చూసి, ఇందులోకి ఎవరూ వెళ్ళలేదులే అనుకుని సాగిపోతారు. ఇలాంటి కథ ఇతర మతాల్లోనూ ఉంది, దాన్నే రచయితలు తెచ్చుకుని ఉండొచ్చు. కానీ శివుడు, సాలీడు, కాస్త ఆగితే పాము! తెలుగువాళ్ళకి ఇంక చెప్పాలా? శ్రీకాళహస్తి పేరులో 'శ్రీ' అంటే సాలీడే. శివలింగానికి గూడు అల్లి నీడ పట్టిన సాలీడు. ధూర్జటి కావ్యం మొత్తం ఆ ఊరి భక్తుల మీదే. బెర్లిన్‌లో కూచుని తెల్లవాళ్ళు రాసుకున్న ఈ బూటకపు ఇండియాలో, వాళ్ళకి తెలీకుండానే ఒక ముక్క నిజంది దొరికింది.

"కాళహస్తి," అంది అమ్మమ్మ, నేనేమీ చెప్పకముందే. దణ్ణం కూడా పెట్టింది లాప్‌టాప్‌కి.

ఆ గూడు వాళ్ళని ఎక్కువసేపు కాపాడదు. పట్టుకుంటారు. ఆమె మళ్ళీ మహల్లోకి, అతను నేలమాళిగలోకి. కుట్రలూ తిరుగుబాటూ చాలా హడావుడిగా నడుస్తాయి. లాంగ్‌కి కూడా అక్కడ ఓపిక అయిపోయినట్టుంది. చివరికి చంద్ర గెలిచి, గెలిచాక ఏమనిపించిందో గానీ, ప్రేమికుల్ని వదిలేసి, కిరీటం వదిలేసి, ఒక సాధువు దగ్గర శిష్యుడుగా చేరతాడు. పేరులో ఉన్న సమాధి చివరిదాకా కాగితం మీదే ఉండిపోతుంది. ఆస్పత్రి సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తరు.

అమ్మమ్మకి ఆ ముగింపు నచ్చలేదు. రాజు సన్నాసుల్లో కలిస్తే ఆ పిల్లకి ఒరిగిందేంటంది. ఊరెళ్ళే ముందురోజు పొద్దున మాత్రం, ఆ సాలీడుది ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. గూడు అల్లడం అయిపోయి, బయట సైనికుల చప్పుడు వినపడేదాకా చూసి, "చాల్లే, ఇక్కడ ఆపెయ్," అంది.